మూడు నెలలు బ్రేసు తీసి చూడమంటున్న సందేశానికి జవాబు

ఈ వారంలో అదే సందేశం నాకు నాలుగోసారి వచ్చింది. మా వీధివారి గ్రూపులో ఒకరు, కలిసి చదువుకున్నవాళ్లిద్దరు, చివరికి మా పెదనాన్నగారు కూడా పంపారు. "వెన్ను వంకరకు బ్రేసు వేస్తే నడకలో నడుము కండరాలు పని మానేసి చచ్చుబడతాయి. మూడు నెలలు తీసి చూడండి. నూనె మర్దన చేయండి, బడి సంచి మోయనివ్వకండి, వెన్ను తిన్నబడుతుంది" అని దాని సారాంశం. వెన్ను వంకర అంటే ఎదిగే వయసులో వెన్నెముక పక్కకు వంగి మెలితిరగడం (స్కోలియోసిస్). అది పెరగకుండా నడుము చుట్టూ బిగించే తొడుగే బ్రేసు. విజయనగరంలో ఫిజియోథెరపీ చేస్తూ రోజూ ఇలాంటి పిల్లలనే చూస్తాను. ఇక ఊరుకోలేను.

బడి సంచితో నడుము నొప్పి వస్తుంది, ఈ వంకర రాదు. మర్దన ఒంటికి హాయినిస్తుంది, తిరిగిన ఎముకను తిప్పదు.

కండరాల మాట చూద్దాం. మామూలు నడకలో నడుము కండరాలు అడుగడుగునా కాసేపు బిగిసి, కాసేపు సేదతీరుతాయి. వంకర ఉన్న అమ్మాయిల్లో రెండు పక్కలా ఎక్కువసేపు బిగిసే ఉంటాయని బెల్జియం పరిశోధకులు 2009లో కొలిచి చూపించారు. తర్వాత ఆరు నెలలు బ్రేసు వాడిన అమ్మాయిలనూ కొలిచారు. ఆ అదనపు శ్రమ పెద్దగా తగ్గలేదు. చచ్చుబడిన కండరం అంత పని చేస్తుందా?

అయితే ఆ కొలతలు నా మాటనూ కొట్టేశాయి. బ్రేసు వేస్తే నడుముకు విశ్రాంతి దొరుకుతుందని చాలామంది తల్లులకు చెప్పాను. అది తప్పు. బ్రేసుతోపాటు వ్యాయామమూ కావాలి.

ఇక "మూడు నెలలు తీసి చూడండి" అన్న మాట. నాకు కోపం తెప్పించింది ఇదే. చీపురుపల్లి వైపు నుంచి బస్సులో వచ్చే పన్నెండేళ్ల అమ్మాయి ఈ సందేశం చూసి బ్రేసు విప్పేసింది. పిల్ల పొడుగు సాగేది ఆ వయసులోనే, వంకర పెరిగేదీ అప్పుడే. ఎదుగుదల ఆగాక బ్రేసు వేసి లాభం లేదు. పోయిన ఆ మూడు నెలలను సందేశం రాసిన మహానుభావుడు తెచ్చిస్తాడా?

అమెరికా, కెనడాల్లో జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో బ్రేసు వేసుకున్నవారిలో 72 శాతం మంది వంకర 50 డిగ్రీలకు, అంటే ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిన స్థాయికి, చేరకుండానే ఎదుగుదల ముగించారు. వేసుకోనివారిలో 48 శాతం. రోజుకు 13 గంటలకు పైగా వేసుకున్నవారిలో 90 శాతం దాటింది. బ్రేసు లేకుండానే సగంమంది గట్టెక్కారు కదా అంటారేమో. మీ పిల్ల ఏ సగంలో ఉందో ముందుగా చెప్పగలరా?

ఇంకొకటి. మందుల దుకాణంలో దొరికే నడుము బెల్టు ఇది కాదు. పిల్ల ఒంటి కొలతకు చేసిన గట్టి ప్లాస్టిక్ తొడుగు. మే నెల ఉక్కలో అది నరకమే, ఒరుసుకుని చర్మం ఎర్రబడుతుంది. లోపల పల్చని నూలు బనియను వేయండి, గుచ్చుకుంటే తయారుచేసినవారి దగ్గర సరిచేయించండి. విప్పి అటక మీద పెట్టకండి.

పెదనాన్నగారూ, ఆ సందేశాన్ని మీరు ఎవరెవరికి పంపారో, దయచేసి వారందరికీ దీన్ని కూడా పంపండి.