కలం పట్టినవాడికీ లెక్క ఉంది

ప్రాచీన ఈజిప్టు దేవుడు థోత్ గురించి చెప్పేవారు సాధారణంగా విద్యాదేవత అని ఒక్క మాటతో సరిపెడతారు. అది తప్పు కాదు. కానీ లేఖకులు ఆయనకు అంతగా ఎందుకు మొక్కారో ఆ మాట చెప్పదు. నా దృష్టిలో థోత్ ముందుగా లెక్కల దేవుడు, రాతలోని నిజాయతీకి కాపలాదారు.

లక్సర్ దగ్గర, నైలు పడమటి ఒడ్డున, సుమారు 3,400 ఏళ్ల నాటి మెన్నా సమాధి గోడలు చూడండి. కోతకు ముందు పైరు పక్కన తాడు లాగి పొలం కొలుస్తున్నారు. నూర్చిన ధాన్యం రాశుల దగ్గర లేఖకులు పద్దు రాస్తున్నారు. అక్కడే పన్ను బాకీపడ్డ రైతుకు కర్రదెబ్బలు. మెన్నా కూడా పొలాల లెక్కలు చూసిన లేఖకుడే. చదువు పిడికెడు మందికే వచ్చిన ఆ దేశంలో, పద్దులో ఏం రాశారో చూసి కాదనే శక్తి రైతుకు లేదు. ఒక్క అంకె మారితే ఇంటిల్లిపాదీ పస్తులే.

ఈ ప్రమాదం లేఖకులకే బాగా తెలుసు. ధాన్యం, భూముల అధికారి అమెనెమోపే పేరిట ఉన్న బోధలో లేఖకుడి వేలిని ఐబిస్ పక్షి ముక్కు అన్నారు. వంపు ముక్కున్న ఆ పక్షి తలే థోత్ రూపం. ఆయన మరో రూపమైన బబూన్ కోతి హెర్మోపోలిస్ గుడిలో కూర్చుని, దేశమంతా చూపు తిప్పుతూ, వేలితో మోసం చేసేవాడిని పట్టుకుంటుందట.

చనిపోయాకా తప్పించుకోలేరు. సుమారు క్రీ.పూ. 1250లో ఆనీ అనే వ్యక్తి కోసం పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) మీద రాసిన గ్రంథంలో మృతుడి గుండెను న్యాయానికి గుర్తయిన ఈకతో తూస్తుంటే, మన చిత్రగుప్తుడిలా థోత్ ఫలితం రాసుకుంటాడు. ఆనీ దేవుళ్ల నైవేద్యాల లెక్కలు రాసిన లేఖకుడు. బతికినన్నాళ్లూ ఇతరుల లెక్క రాసినవాడి లెక్కను ఇప్పుడు మరొకరు రాస్తున్నారు. ఈజిప్టు నాగరికతలో నన్ను అన్నిటికంటే కదిలించే ఆలోచన ఇదే.

అయితే దైవభయం ఒక్కటే అక్రమాలను ఆపలేదు. సేనాపతిగా ఉన్నప్పుడు హోరెమ్‌హెబ్ తనను లేఖకుడిగా చెక్కించుకున్నాడు. ఆ విగ్రహం ఒడిలోని పపైరస్ చుట్ట మీద ఉన్నది థోత్ స్తుతి. తర్వాత రాజై, ప్రజలను దోచుకునే అధికారులకు ముక్కు కోసి దేశపు అంచుకు పంపే శిక్షను శాసనంగా కర్నాక్ గుడిలో చెక్కించిందీ ఆయనే.