ఎక్స్‌టెన్షన్ మెథడ్ గారికి రుషికొండ నుంచి

మహారాజశ్రీ ఎక్స్‌టెన్షన్ మెథడ్ గారి దివ్యసముఖమునకు,

సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, క్లాసుని ముట్టుకోకుండానే బయటి నుంచి దానికి కొత్త మెథడ్ తగిలించే తమరు, నిన్న మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఆరగించిన నాలుగు గంటలకు రసీదు ఇప్పించగలరు. కింద బీచ్‌లో మురీ మిక్స్చర్ బళ్లకి దీపాలు కూడా వెలిగాయి. ఇక్కడ ప్రోగ్రాంని ఆపి చూద్దామని పెట్టిన బ్రేక్‌పాయింట్ ఒక్కసారీ తగల్లేదు.

ఆ బళ్లనే తీసుకుందాం. ‘బండి’ ఒక క్లాసు (వస్తువులకి మూస), దాన్నుంచి పుట్టింది ‘మురీబండి’. రెంటికీ ‘ధర’ అని చెరో ఎక్స్‌టెన్షన్. లిస్టు ‘బండి’ రకానిది, లోపలున్నవన్నీ మురీబండ్లే. లూపు తిప్పితే ప్రతిదానికీ ‘బండి’ ధరే! తమరు వస్తువు మొహం చూడరు కదా. వేరియబుల్‌ని ఏ రకమని ప్రకటించామో చూసి, ప్రోగ్రాం నడవకముందే, కంపైల్ అయ్యేటప్పుడే తేల్చేస్తారు. చుక్క పెట్టి పిలిపించుకుంటారు గానీ, తమరు ఉత్త స్టాటిక్ ఫంక్షన్. మొదటి పారామీటరుకి ‘దిస్’ తగిలించి వేషం కట్టారంతే. అదే ‘బండి’లో వర్చువల్ (పిల్ల క్లాసు మార్చుకోవచ్చు) అని, ‘మురీబండి’లో ఓవర్‌రైడ్ (మార్చుకున్నాను) అని రాసుంటే, ప్రోగ్రాం నడిచేటప్పుడు వస్తువు అసలు రకం చూసి సరైన ధర పలికేది.

క్లాసులోనే అదే పేరు, అవే పారామీటర్లతో మెథడ్ ఉంటే తమరిని పిలిచే నాథుడే లేడు. ఇంటివాడి మాటే చెల్లుతుంది, ఒప్పుకున్నాం. ఆ సంగతి చెప్పొచ్చు కదా? ఓవర్‌రైడ్ అని రాయడం మరిస్తే సీ షార్ప్ కంపైలర్ సీఎస్0114 అనే హెచ్చరికతో గోల పెడుతుంది. కాట్లిన్ అనే మరో భాషలో తమ తమ్ముడు ఇలా మరుగున పడితే హెచ్చరిక వస్తుంది. ఇక్కడ తమరు కిక్కురుమనరు. లైబ్రరీవాళ్లు కొత్త వెర్షన్‌లో అదే పేరు పెట్టారనుకోండి, రీకంపైల్ చేసిన రోజున మన కోడ్‌లో అక్షరం మారకుండానే జవాబు మారిపోతుంది. ఏటయ్యా ఇది? చెప్పాపెట్టకుండా చచ్చిపోవడం ఏటి?

వస్తువే లేని ‘నల్’ మీద పిలిచినా నవ్వుతూ లోపలికి వచ్చేస్తావు. క్లాసు లోపల దాచుకున్న ప్రైవేటు ఫీల్డు అడిగితే గుమ్మం బయటే. వేరే నేమ్‌స్పేస్‌లో (కోడ్ పేటలో) ఉంటే, ‘యూజింగ్’ లైను లేనిదే అసలు కనబడవు. పోనీలే.

సోర్సు చేతిలో ఉంటే ఇకమీదట వర్చువలే. లేకపోతే ఒకటే ఎక్స్‌టెన్షన్ రాసి, లోపల స్విచ్ పెట్టి అసలు రకం అడుగుతాం: పిల్ల రకాలు ముందు, తల్లి రకం చివర. తిరగేస్తే కంపైలరే ఒప్పుకోదు, దానికైనా నోరుంది.

2007లో సీ షార్ప్ 3.0తో వచ్చి, లిస్టుల్లాంటి వాటన్నిటికీ ఉమ్మడి ఇంటర్‌ఫేస్ (ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందం) అయిన ఐఎన్యూమరబుల్‌ని ముట్టుకోకుండానే దానికి వేర్ (వడకట్టేది), సెలెక్ట్ (ఒక్కోదాన్ని మార్చి ఇచ్చేది) అమర్చావు. వాటిని ఇంటర్‌ఫేస్‌లోనే పెట్టుంటే, దాన్ని అమలు చేసిన ప్రతి క్లాసూ కంపైల్ కాకుండా మొండికేసేది. ఆ రుణం ఉంది. రేపు పొద్దున్న వేర్ కోసం మళ్లీ నీ గుమ్మమే తొక్కుతాం. ‘ధర’ని మాత్రం నీ చేతికివ్వం.