సవరణ: కోరికలు తీర్చే కథల్లో కష్టాలు

కల్పనా సాహిత్యంలో కోరికలు తీరడం గురించి ఇటీవల రాసిన టపాలో, నాయకుడికి అన్నీ కష్టపడకుండానే సమకూరే కథకే కోరికలు తీర్చే లక్షణం ఉంటుందనీ, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1900 నాటి స్వప్న గ్రంథంలో ఆ మాటే అన్నాడనీ పేర్కొన్నాను. ఈ రెండూ పొరపాటే. కలలు కోరికలను తీరుస్తాయన్న వాదన ఆ గ్రంథానిదే గానీ, కాలక్షేపపు నవలలనూ వాటి పాఠకుల ఆనందాన్నీ ఆయన వివరంగా చర్చించింది 1907 డిసెంబరులో వియన్నాలో చేసిన ప్రసంగంలో. 1908లో అచ్చయిన ఆ ప్రసంగ పాఠానికి అనువాదం చదివి ఈ సవరణ రాస్తున్నాను.

ఆయన చెప్పిన నవలల్లో కష్టాలకు కొదవ లేదు. ఒక అధ్యాయం చివర నాయకుడు గాయాలతో నెత్తురోడుతూ స్పృహతప్పి పడి ఉంటాడు, తరువాతి అధ్యాయం మొదలయ్యేసరికి ఎవరో శ్రద్ధగా పరిచర్య చేస్తుండగా కోలుకుంటూ కనిపిస్తాడు. ఎంత ఆపద వచ్చినా తనకేమీ కాదన్న ఆ భరోసాయే ఇటువంటి రచనల గుర్తు.

మన పగటికలలను పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడతాం, ఇంకొకరివి వినబుద్ధి కాదు. రచయిత మాత్రం తన ఊహల్లోని స్వార్థాన్ని మరుగుపరచి, రచనా సౌందర్యంతో ఆకట్టుకుని, మన ఊహలను మనం బిడియం లేకుండా ఆస్వాదించే వీలు కల్పిస్తాడని ఆయన అంటాడు. ప్రసంగం మొత్తంలో నాకు అత్యంత విలువైనదిగా తోచిన మాట ఇదే.

కోరికలు తీర్చే కథల్లోనూ కష్టాలుంటాయన్న లెక్కన, ఆ టపాలో ఇచ్చిన 1951 నాటి 'పాతాళభైరవి' సినిమా ఉదాహరణనూ సరిదిద్దాలి: కోరినదిచ్చే ప్రతిమ దొరకడంతో తోటరాముడి కథ ముగియదు, మాంత్రికుడు దాన్ని చేజిక్కించుకున్నాక అతను మళ్లీ సాధించుకోవలసి వస్తుంది.