ముల్లు కిందే ఉంటే సంబరపడకండి

బండి వేడెక్కితే మనవాళ్ళ కంగారు చూడాలి. రోడ్డు పక్కన ఆపడం, బానెట్ ఎత్తడం, నీళ్ళ బాటిల్ పట్టుకుని చుట్టూ తిరగడం. అదే టెంపరేచర్ ముల్లు సగం కూడా ఎక్కకుండా కిందే కూర్చుంటే? "ఇంజన్ ఎంత చల్లగా ఉందో" అని మురిసిపోతాం. రెండేళ్ళు నేనూ అలాగే మురిసిపోయాను.

నాది సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు. విశాఖ ట్రాఫిక్‌లో ముల్లు సగం దాకా వచ్చేది. హైవే ఎక్కి అనకాపల్లి దాటేసరికి మెల్లగా కిందికి జారేది. లీటరుకి 19 ఇచ్చే బండి 15కి దిగిపోయింది. డీజిల్ కల్తీ అన్నాడొకడు. నీ కాలు బరువు అన్నాడింకొకడు. ఒక షెడ్డులో ఇంజెక్టర్లు విప్పి కడిగి తొమ్మిది వేలు లాగారు. ఇంకోచోట కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీరు) వేడి కొలిచే సెన్సార్ మార్చారు. ముల్లు తీరు మాత్రం మారలేదు.

మొన్న డిసెంబర్లో తెల్లవారుజామున లంబసింగి వెళ్ళాం. ఘాట్ దిగుతుంటే హీటర్లోంచి చల్లగాలి. "దీనికన్నా అద్దాలు దించుకుంటే నయం" అంది మా ఆవిడ. ఆ రాత్రి నర్సీపట్నంలో చుట్టాలింట్లో ఆగాం. పక్క వీధిలో ఒక పెద్దాయన షెడ్డు ఉందంటే పొద్దున్నే తీసుకెళ్ళాను.

ఆయన స్కానర్ తియ్యలేదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి, రేడియేటర్ పై హోసు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. థర్మోస్టాట్ వాల్వు, అంటే ఇంజన్ కాగేదాకా నీటిని రేడియేటర్‌కి పోనివ్వని చిన్న తలుపు, బాగున్న బండిలో ఆ పైపు చాలాసేపు చల్లగానే ఉండాలి. లోపలి నీరు 80 డిగ్రీలు దాటాక వాల్వు తెరుచుకుని, అప్పుడు ఒక్కసారిగా కాలాలి. నా బండిలో రెండో నిమిషానికే గోరువెచ్చగా మొదలైంది. ఆయన హౌసింగ్ విప్పి నవ్వాడు. "ఇదేటి బాబూ, లోపల వాల్వే లేదు!"

అరిగిపోలేదు, ఇరుక్కుపోలేదు. ఎవరో పీకేశారు. నాకంటే ముందున్న యజమాని తాలూకు మెకానిక్ పనే అయ్యుంటుంది. ఆ మాట నేను ఎన్ని షెడ్లలో విన్నానో: "మనది వేడి దేశం సార్, థర్మోస్టాట్ మనకెందుకు, తీసేద్దాం." నా కోపమంతా ఈ మాట మీదే. బయట 40 డిగ్రీలున్నా ఇంజన్‌కి అది చలే. దానికి కావలసింది 85, 95 మధ్య. అది అందకపోతే కంప్యూటర్ ఇంకా ఇప్పుడే స్టార్టయిందనుకుని ఇంధనం ఎక్కువ పోస్తుంది. పూర్తిగా మండని ఇంధనం పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పల్చబడుతుంది. తేమ ఆవిరి కాక ఆయిల్ మూత కింద మీగడలా పేరుకుంటుంది. 2020 తర్వాతి బీఎస్6 డీజిల్ బండైతే ఇంకా దారుణం. ఇంజన్ కాగకపోతే పొగగొట్టం ఫిల్టర్లోని మసి కాల్చే పని మొదలే కాదు, అది పూడుకుపోయి కూర్చుంటుంది.

అసలు తమాషా ఇంకోటుంది. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వు తెరుచుకుంటూనే కింది భాగంతో బైపాస్ దారిని మూస్తుంది. పీకేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత నీరు రేడియేటర్ మొహం చూడకుండానే తిరుగుతుంది. అంటే చల్లదనం కోసం తీసిన బండే ఎండాకాలం ఘాట్ మీద ఉడికిపోవచ్చు!

ముల్లు దిగగానే వాల్వు కొనెయ్యమని కాదు నేను చెప్పేది. ముందు, పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు మూత తీసి కూలెంట్ మట్టం చూడండి. తగ్గితే సెన్సార్ గాల్లో ఉండిపోయి తక్కువ చూపిస్తుంది, లోపల మాత్రం కాలిపోతుంటుంది. ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే స్విచ్ లాంటి రిలే అంటుకుపోయి ఫ్యాన్ అస్తమానం తిరుగుతోందేమో వినండి. ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ లెక్కల్ని ఫోన్లో చూపించే చిన్న ప్లగ్గు) ఉంటే, రాత్రంతా నిలబడ్డ బండిలో స్టార్ట్ చెయ్యకముందు కూలెంట్ రీడింగ్ చూడండి. బయటి వేడికి దగ్గరగా లేకపోతే సెన్సార్ మీద అనుమానం. సెన్సార్ నిజమే చెబుతూ హైవేలో రీడింగ్ 65కి పడిపోతుంటే వాల్వు సంగతి చూడాలి. కొన్ని బండ్లు, ఇంజన్ కావలసినంత కాగట్లేదని చెప్పే పీ0128 అనే కోడ్ కూడా ఇస్తాయి. నాది ఒక్కనాడూ లైటు వెలిగించలేదు. ముల్లే లేకుండా, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెలిగే నీలం లైటు మాత్రమే ఇచ్చే చిన్న కార్లున్నాయి చూశారూ, వాళ్ళకి ఈ జబ్బు తెలిసే దారే తక్కువ. కంపెనీలు ఆ ముల్లు ఎందుకు ఎత్తేశాయో గానీ నాకు నచ్చలేదు.

వాల్వు రావడానికి ఒక రోజు పట్టింది. పెద్దాయన కొత్తదాన్నీ నమ్మలేదు. గిన్నెలో నీళ్ళతో స్టవ్ మీద పెట్టి, అందులోని మైనం కరిగి రేకు తెరుచుకోవడం నాకు చూపించాకే బిగించాడు. ప్యాకింగు, కూలెంట్, కూలీ కలిపి 2,300 అయింది.

తిరుగు ప్రయాణంలో హీటర్ వేసి ముల్లునే చూస్తూ నడిపాను. అనకాపల్లి దాటినా కదల్లేదు. ఇంకా చూస్తూనే ఉన్నాను, "ఉక్కపోస్తోంది, ఆ హీటర్ కట్టెయ్యండి" అంది మా ఆవిడ.