రాజముద్రలో సింహాలే కాదు, కింద ఎద్దు కూడా ఉంది

మన రాజముద్ర అనగానే అందరికీ మూడు సింహాలే గుర్తొస్తాయి. 2022 జూలైలో కొత్త పార్లమెంటు మీద ఆరున్నర మీటర్ల కంచు సింహాలు పెట్టినప్పుడు కూడా గొడవంతా వాటి మొహాల గురించే, కోపంగా ఉన్నాయా శాంతంగా ఉన్నాయా, కోరలు ఎందుకంత కనపడుతున్నాయి అని తెగ వాదించుకున్నారు. నాకైతే అసలు సంగతి సింహాల కాళ్ల కింద ఉందనిపిస్తుంది.

మీ పాస్‌పోర్ట్ అట్ట తీసి దగ్గరగా చూడండి. సింహాల కింద పట్టీలో మధ్యన చక్రం, ఎడమ పక్క దౌడు తీసే గుర్రం, కుడి పక్క మూపురం ఉన్న ఎద్దు. బండలాగుడు పోటీలు చూస్తా పెరిగిన ఒంగోలోళ్లకి ఆ మూపురం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ ముద్రకి మూలమైన సారనాథ్ అశోక స్తంభం మీద శిల్పి చెక్కింది ఒంగోలు గిత్తనేనని నేననను, కానీ రైతు ఇంటి పశువుకి దేశం ముద్రలో చోటుందని మన పిల్లలకి ఒక్కసారన్నా చూపించాలి కదా. బ్రెజిల్ వాళ్లేమో మన ఒంగోలు జాతి నుంచి వచ్చిన పశువుల్ని మన నెల్లూరు పేరుతోనే నెలోర్ అని పిలుచుకుంటున్నారు, వాళ్ల పశువుల్లో ఎక్కువ భాగం అవే.

అశోకుడు నిలబెట్టిన ఆ స్తంభం పైభాగం 1904-05 తవ్వకాల్లో బయటపడింది. ఒకప్పుడు సింహాల నెత్తిన పెద్ద ధర్మచక్రం ఉండేది, దాని ముక్కలే మిగిలాయి. అంటే ఆ సింహాలు దర్పం చూపించడానికి కూర్చోలేదు, ధర్మాన్ని మోయడానికి కూర్చున్నాయి. 1950 జనవరి 26న తీసుకున్న ముద్రలో ఆ పై చక్రం లేదు, కింద తామర కూడా వదిలేశారు, ముండకోపనిషత్తు నుంచి సత్యమేవ జయతే చేర్చారు. పైన చక్రం పోయేసరికి సింహాలే యజమానుల్లా కనపడుతున్నాయి, ధర్మం సంగతి చెప్పే పని మొత్తం ఆ సన్నటి పట్టీ మీద పడింది.

అసలు స్తంభం మీద ఆ పట్టీ చుట్టూ ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం ఒకదాని వెనక ఒకటి కదులుతుంటాయి, మధ్యమధ్యలో చక్రాలు. నాలుగు దిక్కులని కొందరు, బుద్ధుడి జీవితంలో ఘట్టాలని కొందరు అంటారు. నేను మాత్రం అధికారం పైన కూర్చుని ఉంటే దేశాన్ని నడిపేది కింద కదిలేవాళ్లే అని చదువుకుంటాను. ఇదేదో ఉత్తరాది బొమ్మ అనుకోబాకండి, దొనకొండ దగ్గర చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధ స్తూపం ఉంది, ఆ ధర్మచక్రం మన ప్రకాశం జిల్లాకీ కొత్తేం కాదు.

బాధేంటంటే నా దగ్గరున్న ఒక సర్టిఫికెట్ మీద స్టాంపులో గుర్రం, ఎద్దు రెండూ ఇంకు మచ్చలైపోయాయి, సత్యమేవ జయతే అసలు లేనే లేదు. రూల్స్ ప్రకారం ఆ మాట కూడా ముద్రలో భాగమే. దుర్వినియోగం చేస్తే 2005 చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, 5000 దాకా జరిమానా పెట్టినవాళ్లు, తమ ఆఫీసుల్లో వాడే రబ్బరు స్టాంపుల మీద కూడా అంతే శ్రద్ధ పెట్టాలి. ఎద్దు ఎద్దులా కనపడనంత చిన్న సైజులో ఆ ముద్ర అసలు వేయకూడదు, అరిగిపోయిన స్టాంపులు వెంటనే మార్చాలి.