ప్లీడరు గారి పోషణకు 5 డాలర్లు

లూథర్ మార్టిన్ గురించి ఎక్కడ చదివినా మొదటి పేరాలోనే సీసా దొర్లుకుంటూ వస్తుంది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రానికి 1778 నుంచి 1805 దాకా అటార్నీ జనరల్, తర్వాత బాల్టిమోర్‌లో జడ్జి, 1818లో మళ్లీ అటార్నీ జనరల్. ఇంత చేసిన మనిషిని పరిచయం చెయ్యమంటే పెద్దలకు ముందు గుర్తొచ్చేది బ్రాందీ. కేసు తేలేదాకా చుక్క తాగనని ఒక క్లయింటుకు మాటిచ్చి, బ్రాందీలో రొట్టె నానబెట్టుకుని తిన్నాడట. తిన్నాడండీ, తాగలేదు. ఇంతకన్నా పక్కా లాయరు ఎక్కడ దొరుకుతాడు?

సరే, తాగుబోతే. వాగుడుకాయ కూడా. 1787 జూన్‌లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాస్తున్న సభలో లేచి మూడు గంటలు దాటేలా మాట్లాడి, ఇక ఓపిక లేదు, మిగతాది రేపు అని కూర్చుని, అన్నంత పనీ చేసి మర్నాడు మళ్లీ లేచాడు. పాపం, ఆ పెద్దమనుషులకు ఎంత హింస! ఆ బోరును ఇప్పటికీ ఎవరూ క్షమించలేదు.

అదే నోరు ఆగస్టులో ఇంకో మాట అంది. బానిసల దిగుమతిని ఆపడానికో పన్ను వెయ్యడానికో వీలుండాలి, లేకపోతే మన విప్లవ సూత్రాలకే విరుద్ధం, అమెరికా పరువుకే మచ్చ అని. మరి మత్తులో లేని మర్యాదస్తులు ఏం చేశారు? 1808 దాకా ఆ దిగుమతిని కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, నిషేధించకూడదని రాసి, 39 మంది సంతకాలు పెట్టారు. మార్టిన్ అప్పటికే విసిగి వెళ్లిపోయాడు. పెట్టినవాళ్లలో కొందరి బొమ్మలు ఇవాళ డాలరు నోట్ల మీద ఉన్నాయి. మనుషుల్ని గొలుసులేసి ఓడల్లో తెచ్చి అమ్ముకోండి, ఇంకో 20 ఏళ్లు ఆపం అని రాసేటప్పుడు ఒక్కడి చెయ్యీ వణకలేదే! దాన్ని రాజీ అంటారు, రాజనీతి అంటారు, రొట్టె నానబెట్టుకున్నవాణ్ణి మాత్రం వెధవ అంటారు. మార్టిన్ ఇంట్లోనూ బానిసలున్నారు, అది ఏ బ్రాందీ మీదికీ నెట్టలేని సిగ్గుమాలినతనం. అయినా మనవాళ్లు అతన్ని తిట్టేది దానికి కాదు, తాగుడికి!

ఇక అసలు వినోదం. ముసలితనంలో పక్షవాతం వచ్చి, చేతిలో చిల్లిగవ్వ లేక మూలపడ్డాడు. 1822లో మేరీలాండ్ శాసనసభ తీర్మానం చేసింది: రాష్ట్రంలో ప్రతి లాయరూ ఇతని పోషణ కోసం ఏటా 5 డాలర్లు కట్టాలి. లాయరు, కట్టాలి! ఇంకొకరి కోసం, సొంత జేబులోంచి, వాయిదా అడగకుండా! ఫీజు అనే మాట ఎప్పుడూ తమవైపే నడిచి రావడం చూసినవాళ్లకు అది వెనక్కి తిరిగి వెళ్లడం చూస్తే ఎంత టెన్షనో ఊహించుకోండి. మర్నాటికి ఎన్ని లా పుస్తకాలు తిరగేసి ఉంటారో, "పోషణ" అంటే రెండు పూటలా మూడు పూటలా అని ఎన్ని వాదనలు పుట్టి ఉంటాయో! 1823లో ఆ తీర్మానం రద్దయింది.

ఆఖరికి న్యూయార్క్‌లో అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు ఆరన్ బర్ చేరదీశాడు. 1807లో దేశద్రోహం కేసులో ఆ బర్‌ను వాదించి కాపాడిన లాయర్లలో మార్టిన్ ఒకడన్నమాట. ఆ కోపంతోనే అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ మార్టిన్‌ను నీతిలేని బుల్‌డాగ్ అని తిట్టాడు. 1826 జూలైలో పోయేదాకా మార్టిన్ బర్ దగ్గరే ఉన్నాడు. ఈ లోపు మేరీలాండ్ నుంచి ఒక్క ప్లీడరైనా చూడ్డానికి వెళ్లుంటాడా? రానుపోను చార్జీలు ఎవరిస్తారండీ!