నాలుగడుగులా, ఐదడుగులా?

శంకర్‌పల్లి అవతల మా బావకు మూడెకరాల మామిడితోట ఉంది. రిటైరయ్యాక 24 హార్స్ పవర్ మినీ ట్రాక్టర్ కొన్నాడు, ఇప్పుడు దాని వెనక తగిలించడానికి రోటరీ స్లాషర్ కావాలంటున్నాడు, అదే, కింద రెండు బ్లేడ్లు గిర్రున తిరుగుతూ గడ్డీ గాదం, చిన్న చిన్న పొదలూ నరికేసే మెషిన్. మా తమ్ముడు చేవెళ్ల దగ్గర ట్రాక్టర్లు కిరాయికి తిప్పుతాడు. పోయిన ఆదివారం కూకట్‌పల్లిలో అక్కావాళ్ళింట్లో స్లాషర్ ఎంత వెడల్పుది కొనాలని ఇద్దరికీ మొదలైంది. నేను చాయ్ తాగుతూ విన్నది విన్నట్టు రాస్తున్నా, మధ్యలో నోరు ఆగని చోట బ్రాకెట్లో.

బావ: నేను ఐదడుగులదే తీసుకుంటా. పెట్టే డబ్బులేవో ఒక్కసారే పెట్టాలి. నాలుగడుగులదైతే చెట్ల వరసల మధ్య ఎన్నిసార్లని తిరగాలి?

తమ్ముడు: తిరిగే సంగతి తర్వాత బావా, నీ బండి ఎన్ని హార్స్ పవర్?

బావ: 24. తెలిసే అడుగుతున్నావు కదా.

తమ్ముడు: అది ఇంజన్‌ది. స్లాషర్‌కు అందేది పీటీవో దగ్గర, అదే, వెనక తగిలించిన మెషిన్‌ను తిప్పే షాఫ్ట్ దగ్గర, ఎంత మిగిలితే అంత. మధ్యలో గేర్లు, హైడ్రాలిక్ పంపు తినేది తినగా నీకు అక్కడ 20, 21 ఉంటుంది, మహా అయితే 22. పొదలు కొట్టే స్లాషర్‌కు అడుగు వెడల్పుకు 5 పీటీవో హార్స్ పవర్ ఉండాలనేది మేం వేసుకునే లెక్క. నాలుగడుగులకు 20, ఐదడుగులకు 25. చూడు మరి.

బావ: ఆ లెక్క సర్కారు తుమ్మకు పెట్టుకో. నా తోటలో ఉన్నది గరిక, వయ్యారిభామ. మొదటి గేర్లో మెల్లగా పోతా, ఒకసారి ఎత్తులో కోసి, దించి ఇంకోసారి కోస్తా. పీటీవో స్పీడు అదే నిమిషానికి 540 చుట్లు ఉంటుంది, బండి నడక తగ్గుతుంది, లోడు తగ్గుతుంది. అవునా, కాదా?

తమ్ముడు: అవును.

(వాడు ఇంత తొందరగా ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.)

తమ్ముడు: లోడు తగ్గుతుంది, బరువు తగ్గుతుందా? ఐదడుగులది గట్టి రకమైతే రెండున్నర, మూడు క్వింటాళ్ళు తూగుతుంది.

బావ: నా బండి వెనక లిఫ్ట్ 750 కిలోలు లేపుతుందని బుక్‌లో ఉంది.

తమ్ముడు: అది లింకుల, అంటే లేపే చేతుల, కొస దగ్గర బావా. స్లాషర్ బరువు అక్కడ ఉండదు, ఇంకా వెనక్కి సాగి ఉంటుంది. నిండు బిందె చంకన పెట్టుకున్నట్టు కాదు, చెయ్యి చాపి పట్టుకున్నట్టు. లిఫ్ట్ లేపుతుందనే అనుకుందాం, అప్పుడు ముందు టైర్లు నేల మీద ఆనాలి కదా? మీ బావి దగ్గరి మిట్ట ఎక్కేటప్పుడు స్టీరింగ్ తిప్పి చూడు, చక్రాలు తిరుగుతాయి, బండి తిరగదు.

బావ: బండి ముందు భాగానికి వెయిట్లు వేయిస్తా.

తమ్ముడు: వేయించు, నాలుగడుగులదానికి కూడా పనికొస్తాయి.

బావ: సరే, దీనికి జవాబు చెప్పు. నా వెనక టైర్లు ఈ బయటి అంచు నుంచి ఆ బయటి అంచుకు నాలుగడుగుల మూడంగుళాలు, టేపు పెట్టి నేనే కొలిచా. నాలుగడుగుల మెషిన్ పెడితే టైరు తొక్కిన గడ్డి రెండు వైపులా అంగుళంన్నర కోతకు అందదు. తొక్కిన గడ్డి చస్తుందా? రెండ్రోజులు పడుకుని మళ్ళీ లేచి నిలబడుతుంది. టైర్ల జాడ మొత్తం మూసేంత వెడల్పుండాలని మీవాళ్ళే అంటారుగా.

(ఇది మాత్రం గట్టి పాయింటు. తమ్ముడు చాయ్ కప్పు కింద పెట్టాడు.)

తమ్ముడు: రిమ్ములు తిరగేసి బిగిస్తే టైర్లు లోపలికొస్తాయి కొన్ని బండ్లకు.

బావ: మిట్ట మీద బోల్తా పడటానికా?

తమ్ముడు: సర్లే, అది వద్దు. పక్క వరస కోసేటప్పుడు అరడుగు మీదికెక్కించి పోతే ఆ జాడ తెగిపోతుంది.

బావ: అంటే నాలుగడుగులది కొని మూడున్నర కొయ్యాలి. ఇంకేం చెప్తావ్!

తమ్ముడు: ఐదడుగులదానికైనా అరడుగు ఎక్కించకుండా కొయ్యలేవు బావా. అయినా రోజంతా పొలం కోసేవాడివా నువ్వు? మూడెకరాలు, వానాకాలంలో రెండు మూడు కోతలు. ఇంకోటి, మీ కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, చెట్టు మొదలు దగ్గర వెడల్పు మెషిన్ తిప్పితే కొమ్మకు గానీ మొదలుకు గానీ తగలాల్సిందే.

బావ దానికి జవాబివ్వకుండా స్లిప్ క్లచ్ మాట ఎత్తాడు.

బావ: ఏ సైజైనా స్లిప్ క్లచ్ ఉన్నదే తీసుకుంటా, రాయి తగిలితే ప్లేట్లు జారి గేర్లను కాపాడుతుంది. షేర్ బోల్ట్, అదే, రాయి తగిలితే తనే తెగిపోయే మెత్తటి బోల్ట్, ఆ గోల నాకొద్దు. మన నేలలో రాయి లేని గజం లేదు, తగిలిన ప్రతిసారీ దిగి బోల్ట్ మార్చుకుంటూ కూర్చోవాలా?

తమ్ముడు: దిగి మార్చడమే మంచిది, లేకపోతే మా డ్రైవర్ చేసిన పనే జరుగుతుంది. బోల్ట్ ఊరికే తెగుతోందని విసుగొచ్చి, డబ్బాలోంచి తల మీద 8.8 అని కొట్టి ఉన్న గట్టి బోల్ట్ తీసి బిగించాడు. నాలుగో రోజు గడ్డిలో దాగున్న బండ తగిలింది. బోల్ట్ చెక్కుచెదరలేదు. గేర్‌బాక్స్ విప్పితే పళ్ళు నూనెలో తేలాయి.

(ఇనుప పళ్ళు తేలవు, మునుగుతాయి. వాడి బాధ అలాంటిది.)

బావ: అందుకేగా స్లిప్ క్లచ్ అంటున్నది.

తమ్ముడు: అదీ పెట్టుకుని మర్చిపోయేది కాదు. నువ్వు నవంబర్‌లో షెడ్‌లో పెట్టి జూన్‌లో తీస్తావు. అప్పటికి ప్లేట్లు తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చూస్తే క్లచ్ ఉంటుంది, పనికి ఉండదు, గట్టి బోల్ట్ పెట్టినట్టే. ఏటా మొదటి కోతకు ముందు స్ప్రింగుల పొడవు కొలిచి రాసుకో, నట్లన్నీ సమానంగా వదులు చెయ్యి, ప్లేట్ల అంచు మీద అడ్డంగా ఒక సుద్ద గీత గియ్యి, పీటీవో రెండు మూడు సెకన్లు వేసి ఆపు. గీత విడిపోతే జారినట్టు. అప్పుడు మళ్ళీ అదే కొలతకు బిగించు. గీత విడిపోలేదంటే ప్లేట్లు విప్పి తుప్పు గీకాల్సిందే.

బావ: సుద్ద గీత బాగుంది. ఇంకేం ఉంది, గ్రీస్ కొట్టడమేగా?

తమ్ముడు: గ్రీస్ సరే, పీటీవోను స్లాషర్‌కు కలిపే షాఫ్ట్ మీది యూ జాయింట్లకు, అదే, మడత కీళ్ళకు, కొడతావు, పైపులో పైపు జారే చోట మర్చిపోతావు. కొత్త షాఫ్ట్ పొడుగుంటే కోయించాలి, స్లాషర్ పూర్తిగా లేపినా దించినా పైపు కొస లోపల గుద్దుకోకూడదు, అలాగని మూడో వంతు కన్నా తక్కువ లోపలుండకూడదు. గేర్‌బాక్స్‌లో 90 నంబర్ ఆయిల్, లెవెల్ ప్లగ్గు దాకా, మెడదాకా నింపకు, వేడెక్కితే పొంగుతుంది. అన్నిటికన్నా మీ తోటలో నాకు భయం డ్రిప్ పైపులు. నల్ల పైపు ఒకటి బ్లేడ్లకు చిక్కి పైకి చుట్టుకుంటే గేర్‌బాక్స్ కింది సీలు కోసేస్తుంది. ఆయిల్ బొట్టుబొట్టుగా పోతుంది, నీకు తెలిసేది గేర్లు అరిచాకే.

బావ: బ్లేడ్లు బాలానగర్ తీసుకుపోయి కత్తుల్లా పదును పెట్టిస్తా, పని తేలికవుతుంది.

తమ్ముడు: కత్తిలా వద్దు! గొడ్డలి అంచులా ఓ మిల్లీమీటరో, ఒకటిన్నరో మొద్దుగానే ఉండాలి, పలచగా చేస్తే మొదటి రాయికే పెచ్చులూడుతుంది. రెండు బ్లేడ్లూ ఒకే తూకం ఉండాలి, మారిస్తే రెండూ మార్చాలి, లేదంటే వణికి బేరింగులు తింటుంది. బోల్ట్ మీద అవి స్వేచ్ఛగా ఊగుతున్నాయో లేదో చేత్తో కదిపి చూడు, రాయి తగిలినప్పుడు వెనక్కి మడుచుకోవడానికే అలా పెట్టింది. కిందికి దూరే ముందు ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకో, లిఫ్ట్‌ను నమ్ముకోకుండా మొద్దులు పెట్టు.

బావ: ఇంకా నా బండికి పీటీవోలో 750 స్పీడు కూడా ఉంది, అది వేస్తే...

తమ్ముడు: వెయ్యకు బావా, దండం పెడతా! 540కి చేసిన మెషిన్ అది. ఆ స్పీడుకే బ్లేడు కొస గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది, రాయి తగిలి లేస్తే అది బుల్లెట్టే. ముందూ వెనకా గొలుసులు వేలాడే రకం కొను, కోసేటప్పుడు చుట్టుపక్కల మనుషులెవరూ ఉండొద్దు.

అంతసేపూ వంటింట్లోంచి వింటున్న అక్క బయటికొచ్చింది. ఏ సైజైనా కొనుక్కోండి గానీ బతుకమ్మ అయ్యేదాకా గట్టు మీది తంగేడు జోలికి పోతే ఊరుకోనంది.

బావ: గట్టు మీదికి ఐదడుగులది ఎక్కితే కదా!

తమ్ముడు నావైపు చూశాడు. బావ టేపు తీసుకుని కిందికి, ట్రాక్టర్ లేని పార్కింగ్‌లోకి, ఎందుకో వెళ్ళాడు.